అక్షర క్రమం రిజిస్టరులో ఉండనివ్వండి, గోదాములో వద్దు

ప్రశ్న: నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. పైడిభీమవరంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో ఎనిమిది నెలలుగా స్టోర్స్ చూస్తున్నాను. నా దగ్గర ఆరుగురు కాంట్రాక్టు కార్మికులు ఉన్నారు. వాళ్ళలో నలుగురికి ఇంగ్లీషు చదవడం రాదు. వచ్చే నెలలో ఆడిట్ ఉంది కాబట్టి సరుకంతా పేర్ల అక్షర క్రమంలో సర్దించమని మా మేనేజరుగారు చెప్పారు. కిందటి నెల డ్రమ్ములు జరుపుతుండగా ఒక కార్బాయ్ (ద్రవ రసాయనాలు పోసి ఉంచే పెద్ద పాత్ర) కారింది. బాబాయి అని నేను పిలిచే పెద్దాయన కళ్ళు మండి గంటసేపు కూలబడిపోయారు. ‘మాస్కులు ఇచ్చాం కదా, పెట్టుకోవాలి’ అని పైవాళ్ళు ఊరుకున్నారు. ఒక లేబుల్ మీద కేటగిరీ 2 అని, అదే డ్రమ్ము మీద రంగుల డైమండులో 3 అని, లారీ కాగితంలో క్లాస్ 3 అని ఉంటుంది. దేన్ని నమ్మాలి? ఏది దేని పక్కన పెట్టకూడదు? ఇవన్నీ అడిగితే నా ఉద్యోగం ఉంటుందా? – ఒక పాఠకురాలు, రణస్థలం మండలం, శ్రీకాకుళం జిల్లా.

సమాధానం: మీ మేనేజరుగారు చెప్పిన అక్షర క్రమం గురించే ముందు రాస్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలోని మిగతా ప్రశ్నలకు కొంత వ్యవధి ఉంది గాని దీనికి లేదు. ఇంగ్లీషు అక్షరాల వరసలో సరుకు సర్దితే ‘ఎస్’ దగ్గర ఏమేమి వచ్చి చేరతాయో ఒక కాగితం మీద రాసి చూడండి. సోడియం సయనైడ్, సోడియం హైపోక్లోరైట్, సోడియం సల్ఫైడ్ వస్తాయి. వాటి వెనకే సల్ఫ్యూరిక్ యాసిడ్ వస్తుంది. ఈ నాలుగూ మీ దగ్గర ఉండకపోవచ్చు, కాని ముప్పై ఏళ్ళకు పైగా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కర్మాగారాల్లో భద్రత పని చూసిన నాకు, వీటిలో రెండైనా లేని స్టోర్ అరుదుగా కనిపించింది. యాసిడ్ కారి సయనైడ్‌ను తాకితే హైడ్రోజన్ సయనైడ్ వాయువు పుడుతుంది, హైపోక్లోరైట్‌ను తాకితే క్లోరిన్ పుడుతుంది, సల్ఫైడ్‌ను తాకితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మూడూ మనిషి ప్రాణం తీయగల వాయువులే. ఎవరూ కావాలని ఇలా సర్దరు. అక్షరాలకు సరుకు గుణంతో సంబంధం లేదు కాబట్టి ఇలాంటి పొరుగు వచ్చి పడుతుంది. ‘ఎమ్’ చివర మెథనాల్, ‘ఎన్’ మొదట్లో నైట్రిక్ యాసిడ్ రావడం కూడా ఇలాంటిదే.

అక్షర క్రమం వల్ల సరుకు త్వరగా దొరుకుతుందన్నది నిజమే, ఆ సౌకర్యాన్ని వదులుకోనక్కరలేదు. రిజిస్టరులోనూ కంప్యూటరులోనూ పేర్లను అక్షర క్రమంలోనే ఉంచి, ప్రతి పేరుకు ఎదురుగా గది, వరస, అర సంఖ్య రాసుకోండి. నేల మీద మాత్రం గుణాన్ని బట్టి సర్దండి. మేనేజరుగారి దగ్గరకు వెళ్ళేటప్పుడు ‘ఇది కుదరదు’ అనే మాటతో కాక ఈ ఏర్పాటుతో వెళితే ఆయన వినే అవకాశం ఎక్కువ, పైగా పని తెలిసిన ఆడిటరు ఎవరైనా స్టోర్‌లో అడుగుపెట్టగానే చూసేది ఏది దేని పక్కన ఉందనే.

ఇక అంకెల సంగతి. మీరు చూసిన మూడూ మూడు వేర్వేరు పద్ధతులకు చెందినవి, కాబట్టి ఒకదానితో ఒకటి పోల్చి ఏది పెద్దదని చూడకూడదు. కేటగిరీ అన్నది ఐక్యరాజ్యసమితి 2003లో మొదటిసారి ప్రచురించిన వర్గీకరణ పద్ధతిలోనిది. దాన్ని జీహెచ్‌ఎస్ అంటారు. ఎర్ర అంచు ఉన్న డైమండులో తెల్లని నేల మీద నల్ల బొమ్మ దాని గుర్తు. ఇందులో 1వ కేటగిరీ అన్నిటికన్నా ప్రమాదకరమైనది, అంకె పెరిగేకొద్దీ ప్రమాదం తగ్గుతుంది. నీలం, ఎరుపు, పసుపు, తెలుపు గళ్ళున్న రంగుల డైమండు అమెరికాలోని అగ్నిరక్షణ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ పెట్టినది. నీలం ఆరోగ్యానికి, ఎరుపు మంటకు, పసుపు చర్యాశీలతకు, తెలుపు ప్రత్యేక హెచ్చరికకు. ఇందులో అంకెలు 0 నుంచి 4 దాకా ఉంటాయి, 4 అన్నిటికన్నా ప్రమాదకరం. అంటే రెండు పద్ధతులూ తలకిందులుగా నడుస్తాయి. టోలూయిన్‌నే తీసుకోండి: జీహెచ్‌ఎస్‌లో మండే ద్రవాల 2వ కేటగిరీ, రంగుల డైమండులో ఎర్ర గడిలో 3. రెండూ ఒకే సంగతిని, అది చాలా సులువుగా అంటుకుంటుందన్న సంగతిని, చెబుతున్నాయి. 1 కన్నా 4 ఎక్కువనే లెక్కతో జీహెచ్‌ఎస్ లేబుల్ చదివినవాడు అతి ప్రమాదకరమైన డ్రమ్మునే తేలికైనదని అనుకుంటాడు. మీ ఆరుగురికీ మొదట నేర్పవలసిన విషయాల్లో ఇది ఒకటి.

లారీ కాగితంలోని క్లాసు మూడో రకం. అది హెచ్చుతగ్గులను చెప్పదు, జాతిని మాత్రమే చెబుతుంది. పేలేవి 1, వాయువులు 2, మండే ద్రవాలు 3, మండే ఘనపదార్థాలూ తడిస్తే ప్రమాదమయ్యేవీ 4, ఆక్సిజన్ అందించి మంటను పెంచేవి 5, విషాలు 6, రేడియోధార్మికమైనవి 7, ఒంటినీ లోహాన్నీ తినేసేవి 8, మిగిలినవి 9. దానితో పాటు ఉండే నాలుగంకెల యూఎన్ నంబరు ఆ పదార్థానికి చిరునామా లాంటిది. టోలూయిన్‌కు 1294, సల్ఫ్యూరిక్ యాసిడ్‌కు 1830. మీ ఊరి పక్క నుంచి పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద ట్యాంకర్ల వెనక కనిపించే పలకలో ఉండేది ఆ నంబరే.

ఇక్కడ చదువుకున్నవాళ్ళు కూడా తప్పటడుగు వేసే చోటు ఒకటుంది. అక్షర క్రమం వద్దన్నారు కాబట్టి క్లాసు ప్రకారం సర్దితే సరిపోతుందని అనుకుంటారు. సల్ఫ్యూరిక్ యాసిడ్ క్లాస్ 8. కాస్టిక్ లై (కాస్టిక్ సోడా ద్రావణం) కూడా క్లాస్ 8. హైపోక్లోరైట్ ద్రావణం క్లాస్ 8. స్ఫటిక జలంతో పెళుసు పలకలుగా వచ్చే సోడియం సల్ఫైడ్ కూడా క్లాస్ 8. ‘తినేసే పదార్థాలు’ అనే బోర్డు పెట్టి ఈ నాలుగింటినీ ఒకే గదిలో చేరిస్తే మళ్ళీ ‘ఎస్’ అక్షరం దగ్గరకే వచ్చామన్నమాట. ఆ క్లాసు చెప్పేదల్లా చర్మాన్ని ఎవరు కాలుస్తారన్నది. ఎవరికి ఎవరు పడరో అది చెప్పదు. కాబట్టి క్లాసును మొదటి జల్లెడగా వాడండి. రెండో జల్లెడ ఎస్‌డీఎస్ అనే భద్రతా సమాచార పత్రంలో ఉంటుంది, మీ యూనిట్‌లో దాన్ని ఎంఎస్‌డీఎస్ అనే పాత పేరుతోనే పిలుస్తూ ఉండవచ్చు.

ఆ పత్రంలో 16 భాగాలుంటాయి. అన్నీ చదివే తీరిక మీకు ఉండదు, అక్కరలేదు కూడా. స్టోర్స్ చూసేవారు 2వ భాగంలో ప్రమాదాల వర్గీకరణ, 7లో నిల్వ పద్ధతి, 10లో స్థిరత్వం, చర్యాశీలత, 14లో రవాణా వివరాలు తప్పక చదవాలి. ప్రథమ చికిత్స చెప్పే 4వ భాగాన్నీ, ఒలికినప్పుడు చేయవలసింది చెప్పే 6వ భాగాన్నీ తెలుగులో రాయించి గోడకు అంటించాలి. ఈ ఆరింటిలో నేను ఎక్కువ విలువ ఇచ్చేది 10వ భాగానికి. ఏవి కలవకూడదో అందులో పేర్లతో సహా ఉంటుంది. ఒక పెద్ద కాగితం మీద మీ సరుకుల పేర్లు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రాసి, 10వ భాగం చూసుకుంటూ కలవకూడని జంటల గడిలో ఎర్ర గుర్తు పెట్టండి. నలభై సరుకుల స్టోర్‌కు ఇది రెండు మూడు సాయంత్రాల పని. ఆ కాగితం పూర్తయ్యాక మీ గోదాము పటం దానంతట అదే తేలుతుంది.

10వ భాగం ఎందుకంత ముఖ్యమో మనకు దగ్గర్లోనే చూశాం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో నిల్వ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. స్టైరీన్ లేబుల్ మీద మండే ద్రవం అనే బొమ్మ ఉంటుంది. కాని ఆ రోజు మంట లేదు. స్టైరీన్ తనలో తాను చర్య జరుపుకుని గట్టిపడే గుణం ఉన్నది. ఆ చర్యలో వేడి పుడుతుంది, వేడి ఆ చర్యను ఇంకా వేగిరపరుస్తుంది. దాన్ని ఆపి ఉంచడానికి ఒక నిరోధకం కలుపుతారు. ఆ నిరోధకం కాలక్రమంలో ఖర్చయిపోతుంది, ఎండ ఎక్కువైతే ఇంకా త్వరగా ఖర్చవుతుంది. లాక్‌డౌన్ వల్ల సరుకు వారాల తరబడి కదలకుండా నిలిచిన వేసవి అది. అంటే కొన్ని సరుకులకు పక్కవాడు అక్కరలేదు, వేడీ కాలమూ చాలు. మీ దగ్గర నిరోధకం కలిపిన సరుకు ఏదైనా ఉంటే, వచ్చిన తేదీ, వాడవలసిన గడువు డ్రమ్ము మీద పెద్ద అంకెలతో రాయించి, గడువు దగ్గరపడిన దాన్ని వరస ముందుకు తెప్పించండి.

ఎర్ర అంచు బొమ్మల్లో రెండు ఒకేలా కనబడి మోసగిస్తాయి. మంట బొమ్మ ఒకటి, గుండ్రని వలయం మీద మంట బొమ్మ ఇంకొకటి. మొదటిది తాను మండే పదార్థం. రెండోది తాను మండకపోయినా ఇతర పదార్థాల మంటకు ఆక్సిజన్ అందించేది: హైడ్రోజన్ పెరాక్సైడ్, పొటాషియం పర్మాంగనేట్, గాఢ నైట్రిక్ యాసిడ్ ఇలాంటివి. ఈ రెండు బొమ్మలూ ఒకే గదిలో ఉండకూడదు. చదవడం రాని మీ నలుగురికీ ముందు ఈ తేడానే చూపించండి, ‘వలయం ఉందా లేదా’ అని అడగడం అలవాటు చేయండి. మన స్టోర్లలో ఏది ఒలికినా రంపపు పొట్టు చల్లే అలవాటు ఉంది. నైట్రిక్ యాసిడ్ మీద పొట్టు చల్లితే ఆ పొట్టే అంటుకోవచ్చు. ఒలికినవాటి కోసం పొడి ఇసుక బస్తాలు ఉంచి, పొట్టు బస్తాను స్టోర్ నుంచి బయటికి పంపించేయండి.

మూడో బొమ్మ గురించి మీకు విడిగా చెప్పాలి. మనిషి ఛాతీ మీద నక్షత్రంలా పగిలినట్టు ఉండే బొమ్మ అది. దాని కింద ఉన్న సరుకు ఈ రోజు మంట పుట్టించదు, దగ్గు తెప్పించదు, అందుకే దాన్ని ఎవరూ లెక్కచేయరు. క్యాన్సర్, పుట్టబోయే బిడ్డకు హాని, ఏళ్ళు గడిచాక ఊపిరితిత్తులకూ కాలేయానికీ వచ్చే జబ్బు, ఇవి ఆ బొమ్మకు అర్థాలు. మందుల యూనిట్లలో విరివిగా వాడే డీఎమ్‌ఎఫ్ అనే ద్రావకం గర్భంలోని బిడ్డకు హాని చేయగలదని వర్గీకరించినది. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. మీ స్టోర్‌లో అది ఉంటే మీరూ, అక్కడ పనిచేసే మరే ఆడవాళ్ళున్నా వాళ్ళూ, ఈ సంగతి తెలుసుకున్నాకే పని చేయాలి.

ఇప్పుడు మాస్కు సంగతికి వస్తాను. బాబాయి కళ్ళు మండినప్పుడు ‘మాస్కు పెట్టుకోవాలి’ అన్నారని రాశారు. ముక్కుకు కట్టే మాస్కు కళ్ళను ఎలా కాపాడుతుందో వాళ్ళు ఆలోచించలేదు. పైగా కాగితపు మాస్కు ధూళిని కొంత ఆపుతుంది గాని ఆవిరిని ఏమాత్రం ఆపదు. ఆవిరికైతే ఆ ఆవిరికి తగిన కార్ట్రిడ్జ్ (వడపోత డబ్బా) ఉన్న రెస్పిరేటర్ కావాలి. అది కూడా గాలిలో ఆక్సిజన్ సరిపడా ఉన్న చోటే పనికివస్తుంది. చేతి తొడుగులదీ ఇదే కథ. డైక్లోరోమీథేన్ మామూలు రబ్బరు తొడుగు గుండా నిమిషాల్లో లోపలికి దిగుతుంది, కార్మికుడు చేయి భద్రంగా ఉందనే అనుకుంటాడు. ఏ సరుకుకు ఏ తొడుగో ఎస్‌డీఎస్ 8వ భాగంలో చూసి తెప్పించాలి తప్ప ఒకే రకం డజన్ల కొద్దీ కొని పంచితే ప్రయోజనం లేదు.

ఒంటి మీద తొడుక్కునేవి అన్నిటికన్నా చివరి అడ్డు. ఈ సంగతి పలాస, కాశీబుగ్గ వైపు మనుషులకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు. జీడిపిక్క పెంకులోని జిగురు నూనె చేతులను పొక్కిస్తుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకు బూడిదో నూనో రాసుకుని పనిలో కూర్చునేవారు. ఆ బూడిద చివరి అడ్డు. అది చెమటకు కరుగుతుంది, గోళ్ళ సందుల్లో నిలవదు, సాయంత్రానికి వేళ్ళు నల్లబడనే బడతాయి. చేయి పెంకును తాకనవసరం లేకుండా యంత్రం కోస్తే ఆ నూనె చేతికి రావడమే తగ్గుతుంది. రసాయనాల స్టోర్‌లోనూ ఇదే వరస. ఆ సరుకు అసలు అవసరమా అన్నది మొదటి ప్రశ్న. అవసరమైతే దాని బదులు తక్కువ హాని చేసేది వాడవచ్చా అన్నది రెండోది. లేదంటే మనిషికీ దానికీ మధ్య గోడ, గొట్టం, గాలి లాగే ఫ్యాను లాంటి ఏర్పాటు. ఆ తరవాత పని చేసే పద్ధతి, శిక్షణ, అనుమతి పత్రం. వీటన్నిటి తరవాత మిగిలిన ప్రమాదానికి మాస్కు. మీ యూనిట్ చివరి మెట్టు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోయింది.

మొదటి ప్రశ్న మేనేజరు చేతిలోనిది అనుకోకండి, స్టోర్స్ చేతిలో చాలా ఉంది. గడువు తీరి మూల పడి ఉన్న డ్రమ్ములెన్ని, రెండేళ్ళుగా ఎవరూ అడగని సరుకెంత, నెలకు రెండు డ్రమ్ములు వాడే చోట ఇరవై ఎందుకు తెప్పిస్తున్నారు, ఈ లెక్క తీసి ఇవ్వగలిగింది మీరే. స్టోర్‌లో లేని సరుకు కారదు, అంటుకోదు. లెక్క కాగితం మీద డబ్బు రూపంలో కూడా చూపిస్తే యాజమాన్యానికి అది ఖర్చుగా కాక ఆదాగా కనబడుతుంది.

గోడలూ గొట్టాల విషయంలో మూడు చోట్లు చూడండి. ద్రవాల కింద చుట్టూ కట్ట ఉండాలి. ఆ కట్ట లోపల పట్టే పరిమాణం, అందులో పెట్టిన అతి పెద్ద పాత్ర కన్నా కనీసం పదో వంతు ఎక్కువ ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. గాలి బయటికి లాగే ఫ్యాను ఎక్కడుందో చూడండి. టోలూయిన్ ఆవిరి గాలి కన్నా మూడు రెట్లు బరువు, అది నేల మీద పాకి గుంటల్లో చేరుతుంది, కాబట్టి పైకప్పు దగ్గర తిరిగే ఫ్యాను దాన్ని అందుకోలేదు. దాని ఫ్లాష్ పాయింట్ సుమారు 4 డిగ్రీల సెల్సియస్, అంటే అంతకన్నా వేడిగా ఉన్నప్పుడల్లా నిప్పురవ్వ తగిలితే అంటుకునేంత ఆవిరి దాని పైన నిలిచి ఉంటుంది. మన జిల్లాలో జనవరి రాత్రి కూడా అంత చల్లగా ఉండదు, మే నెల మధ్యాహ్నం సంగతి చెప్పనక్కరలేదు.

మూడోది కాలువ. యాసిడ్‌ను తూర్పు గదిలో, సల్ఫైడ్‌ను పడమటి గదిలో జాగ్రత్తగా వేరుచేసి, రెండు గదుల కడుగు నీళ్ళూ ఒకే గుంటలో కలిసేలా కాలువ వదిలిన చోట్లు నేను ఒకటి కాదు, చాలా చూశాను. గదుల్లో కలవనివి గుంటలో కలుస్తాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కన్నా బరువైనది, గుంటలోనే నిలుస్తుంది. మొదట కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది, కాని 100 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో వంద పాళ్ళు) దగ్గరకు వచ్చేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసన తెలియకుండా పోతుంది. ‘వాసన పోయింది, దిగవచ్చు’ అని దిగినవాడు పడిపోతాడు, అతణ్ణి లాగడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. ప్రతి గదిలోనూ ఒక బకెట్టు రంగు నీళ్ళు పోయించి అవి ఎక్కడికి పోతున్నాయో మీరే నడిచి వెళ్ళి చూడండి. ఎవరైనా గుంట శుభ్రం చేయమంటే, గాలి పరీక్షించి రాతపూర్వకమైన అనుమతి ఇచ్చేదాకా మీ మనుషుల్ని దించవద్దు.

మండే ద్రవాల గురించి నేను కళ్ళారా చూసిన ఒక సంగతి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట బొబ్బిలి వైపు ఒక చిన్న యూనిట్‌కు తనిఖీకి వెళ్ళాను. శీతకాలపు ఉదయం, గాలి పొడిగా ఉంది. ఇరవై ఏళ్ళ కుర్రాడు ఇనుప డ్రమ్ము కుళాయికి ప్లాస్టిక్ బకెట్టు తగిలించి టోలూయిన్ పడుతున్నాడు. ధార పై నుంచి చిమ్ముతూ పడుతోంది. బకెట్టు సగం నిండేలోపు చిటికె వేసినంత చిన్న చప్పుడు వినబడింది, వెంటనే అతని రెండు ముంజేతుల మీదుగా మంట లేచింది. పక్కనున్నవాళ్ళు తడి గోనె కప్పి ఆర్పారు. కుర్రాడు బతికాడు, చేతులు మాత్రం మునుపటిలా కాలేదు. తరవాత నేను ఆ డ్రమ్మును దగ్గరగా చూశాను. ఎర్తింగ్ తీగ ఉంది, క్లిప్పు డ్రమ్ము అంచుకు పట్టించే ఉంది. కాని క్లిప్పు పళ్ళ కింద నీలి రంగు పెయింటు మీద గీత కూడా పడలేదు. లోహానికి లోహం తగలనే లేదు. ఇక ప్లాస్టిక్ బకెట్టుకు ఎర్తింగ్ చేసే దారే లేదు, ధార రాపిడికి పుట్టిన స్థిర విద్యుత్తు పోవడానికి చోటు లేక రవ్వగా దూకింది. కాబట్టి ద్రావకాలు పట్టే చోట లోహపు పాత్రలే వాడాలి, డ్రమ్ముకూ పాత్రకూ మధ్య తీగ ఉండాలి, గొట్టం పాత్ర అడుగు దాకా దించాలి, క్లిప్పు పెట్టే చోట పెయింటు గీకి మెరిసే ఇనుము కనబడుతుందో లేదో చూడాలి. ఆ గీకిన చోటును ప్రతి ఉదయం వేలితో తడిమి చూడమని బాబాయికి అప్పగించండి. అనుభవం ఉన్న చేతికి ఆ బాధ్యత ఇస్తే ఎప్పటికీ మరవదు.

మన తీరంలో తుఫానులు వస్తాయి కాబట్టి ఇంకొక మాట. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, రెండూ రేకులు ఎగరగొట్టాయి. థయోనిల్ క్లోరైడ్ నీటితో కలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్ వాయువులు చిమ్ముతుంది. నీరు లేని రూపంలో ఉన్న అల్యూమినియం క్లోరైడ్ నీళ్ళు పడితే భగ్గున వేడెక్కి యాసిడ్ పొగ వదులుతుంది. ఈ రెండింటికీ లారీ కాగితంలో ఉండేది మళ్ళీ క్లాస్ 8 మాత్రమే, నీటి ప్రమాదం ఆ అంకెలో కనబడదు. సోడియం హైడ్రైడ్ వంటివి తడిస్తే హైడ్రోజన్ పుట్టి అంటుకుంటాయి. రంగుల డైమండు తెల్ల గడిలో గీత కొట్టిన డబ్ల్యూ అక్షరం ఉంటే నీళ్ళు తగలనివ్వకూడదని అర్థం. అలాంటివాటిని కాంక్రీటు కప్పు ఉన్న గదిలో, నేల నుంచి ఎత్తుగా, నీటి గొట్టాలకు దూరంగా పెట్టించండి. మండే ద్రావకాల పక్కన కూడా వద్దు. అక్కడ నిప్పు పుడితే ఆర్పడానికి కొట్టే నీళ్ళే వీటి మీద పడతాయి. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసైనేట్ ట్యాంకులోకి చేరింది కూడా నీరే.

ఉద్యోగం గురించి మీరు అడిగిన ప్రశ్నకు దాచకుండా చెబుతాను. భోపాల్ తరవాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో ఒక కొత్త అధ్యాయం చేర్చారు. ప్రమాదకరమైన పనిలో ఉన్న కార్మికుడికి ప్రాణాపాయం ముంచుకొస్తున్నదని సహేతుకంగా తోస్తే, యాజమాన్యానికీ, అదే సమయంలో ఇన్‌స్పెక్టరుకూ తెలియజేసే హక్కును 41-హెచ్ సెక్షను ఇచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా ఈ హక్కును నిలబెట్టింది. తన భద్రతకు సంబంధించిన సమాచారాన్ని యజమాని నుంచి అడిగి తీసుకునే హక్కు కూడా అందులో ఉంది. ప్రమాదకర రసాయనాల మీద 1989లో వచ్చిన నియమాలు ప్రతి పాత్రకూ లేబుల్, ప్రతి సరుకుకూ సమాచార పత్రం ఉండాలంటున్నాయి. ఎస్‌డీఎస్ అడగడం మీరు చేస్తున్న సాహసం కాదు, మీ పనిలో భాగం. అయినా చిన్న యూనిట్లో కొత్త ఉద్యోగి భయం నాకు తెలుసు. నోటితో చెప్పి ఊరుకోకండి. ఎర్ర గుర్తుల పటం, కొత్త సర్దుబాటు, కాలువ పరిశీలన, ఈ మూడూ జతచేసి ‘ఆడిట్‌కు ముందు చేయవలసినవి’ అనే శీర్షికతో మేనేజరుగారికి ఈమెయిలు పంపి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. ప్రొడక్షన్ వైపు అనుభవమున్న ఒకరి చేతనైనా ముందు చదివించండి. అంతా విన్నాక కూడా సల్ఫైడ్‌నూ యాసిడ్‌నూ పక్కపక్కనే పెట్టమని పట్టుబడితే, అప్పుడు పైన చెప్పిన హక్కును వాడుకోవడానికి వెనకాడవద్దు.

బాబాయి కళ్ళకు ఆ రోజు ఏం చేశారో మీరు రాయలేదు. ఏ రసాయనం ఆవిరి తగిలినా, ఏ చుక్క పడినా, వెంటనే కనురెప్పలు తెరిచి పట్టుకుని కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళు పోయాలి, ఆ తరవాత ఎస్‌డీఎస్ చేతపట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆయనకు ఇప్పటికీ మసకగా ఉందేమో అడిగి, కంటి డాక్టరుకు చూపించండి. జరిగిన సంగతిని తేదీతో సహా ప్రమాదాల రిజిస్టరులో రాయించండి. ఆ కార్బాయ్‌లో ఉన్నదేమిటో, ఎందుకు కారిందో ఇప్పటికీ తేలకపోతే అలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో తెలియదన్నమాట, కాబట్టి సర్దుబాటు కన్నా ముందు ప్రతి కార్బాయ్ మూతనూ అడుగునూ చూడండి.

ఇంకొకటి, మీరు అడగనిది. ఖాళీ అయిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు మన ఊళ్ళలో నీళ్ళు పట్టుకోవడానికీ, ధాన్యం పోసుకోవడానికీ వెళ్తూనే ఉంటాయి. మూడుసార్లు కడిగినా ద్రావకం ప్లాస్టిక్ గోడల్లోకి ఇంకి ఉంటుంది, నెమ్మదిగా నీళ్ళలోకి దిగుతుంది. ఇనుప డ్రమ్మైతే లోపల మిగిలిన ఆవిరి చాలు, గ్యాస్ కట్టరు పెట్టి కోసేటప్పుడు పేలడానికి. ఖాళీ డ్రమ్ముల లెక్క కూడా నిండు డ్రమ్ముల లెక్కంత కచ్చితంగా రాసి, లేబుల్ తీయకుండా, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్ళకే పంపించండి. మీ ఆరుగురిలో ఎవరింట్లోనైనా మీ స్టోర్ డ్రమ్ము నీళ్ళకు వాడుతున్నారేమో ఈ వారమే అడగండి. గద్దించినట్టు అడిగితే లేదంటారు. బాబాయి చేత అడిగించండి. ఉందని తెలిస్తే, దాన్ని వెనక్కి తెప్పించే ముందు వాళ్ళ ఇంటికి ఒక కొత్త డ్రమ్ము యూనిట్ ఖర్చుతో పంపించమని మేనేజరుగారిని అడగండి.